నెల తక్కువ బిడ్డకు కాల్షియం: ఎంత, ఎందాక?



ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతికి బట్టకడుతుంది గానీ, ఎనిమిదో నెలలో పుట్టింది దక్కదని మన ఊళ్లలో ఒక మాట ఉంది. కాన్పు వార్డు బయట బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో నిజం లేదండి. కడుపులో ఒక్కో వారం ఎక్కువ ఉన్నకొద్దీ బిడ్డకు మేలే. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాం. 2020లో ప్రపంచం మొత్తం మీద 1 కోటి 34 లక్షల మంది ఇలా పుట్టారని అంచనా. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. ఒకప్పుడు ఆశ వదులుకున్న 28, 29 వారాల బిడ్డలు, కిలో తూగీ తూగని బిడ్డలు ఇప్పుడు రెండు మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి అమ్మ ఒళ్లో ఇంటికి వెళ్తున్నారు. అలా బతికి బయటపడ్డ బిడ్డల గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

ఇంటికి వెళ్లేముందో, ఆ తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడో కడుపు స్కానింగ్ చేస్తారు. రిపోర్టులో రెండు కిడ్నీల్లోనూ కాల్షియం పేరుకుందని రాసి ఉంటుంది. తల్లి గుండె జారిపోతుంది. పక్కనున్న అమ్మమ్మ ఊరుకోదు. "అదేంటి డాక్టరు గారూ, పొద్దునా సాయంత్రం కాల్షియం పోయమన్నది మీరే కదా? ఇప్పుడు అదే రాయైందంటే ఎట్లా?" అని అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఒక్క ముక్కలో చెబితే అబద్ధమైపోతుంది. కాల్షియం వల్లే అన్నా తప్పే, కాల్షియానికి సంబంధం లేదన్నా తప్పే.

ముందు అసలు కాల్షియం ఎందుకు పోస్తారో చూద్దాం. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఒంట్లో దాదాపు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో ఐదింట నాలుగు వంతులు ఆఖరి మూడు నెలల్లోనే చేరుతుంది. ఆ నెలల్లో బిడ్డ బరువులో ప్రతి కిలోకి రోజుకు 100 నుంచి 130 మిల్లీగ్రాముల కాల్షియాన్ని, అందులో సగానికి కాస్త పైగా ఫాస్ఫరస్‌ను మాయ తల్లి రక్తంలోంచి తీసి బిడ్డకు అందిస్తుంది. 28 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ మూడు నెలల రాబడి ఒక్కరోజుతో ఆగిపోతుంది. బొడ్డు కోసిన క్షణం నుంచి ఆ బిడ్డ రక్తంలో కాల్షియం తగ్గుతూ వస్తుంది. 24 గంటల నుంచి 48 గంటల మధ్య బాగా అడుక్కి చేరుతుంది. నిండు నెలల బిడ్డకూ ఈ తగ్గుదల ఉంటుంది గానీ, తన గ్రంథులు తేరుకుని సర్దుకుంటాయి. నెల తక్కువ బిడ్డకు ఆ తేరుకోవడం ఆలస్యం. ఒక్కోసారి ఒళ్లు అదురుతుంది, ఫిట్స్ వస్తాయి, ఊపిరి ఆగి ఆగి తీస్తుంది.

అప్పుడు నరం ద్వారా ఇచ్చే మందు కాల్షియం గ్లూకోనేట్. 10 శాతం మందులో మిల్లీలీటరుకు అసలు కాల్షియం ఉండేది 9 మిల్లీగ్రాములే. అయినా దానితో ఆటలు పనికిరావు. గబగబా ఎక్కిస్తే గుండె వేగం పడిపోతుంది. అందుకే మానిటరు మీద కన్నేసి, పది నిమిషాలపాటు చుక్క చుక్కగా ఎక్కిస్తారు. సూది నరంలోంచి జారి మందు చర్మం కిందికి పోతే అక్కడ చర్మం నల్లబడి పుండు పడుతుంది, ఆ మచ్చ జీవితాంతం ఉండిపోవచ్చు. నవజాత శిశువుల వార్డులో నర్సు అరగంటకోసారి బిడ్డ చెయ్యి ప్లాస్టర్ దగ్గర తడిమి చూస్తూ ఉంటే, అది దేనికో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఈ ఇంజెక్షన్ సాధారణంగా రెండు మూడు రోజుల పని. కిడ్నీల కథకు ఇది చాలావరకు కారణం కాదు. కథ ఆ తర్వాతి వారాల్లో నడుస్తుంది.

ఆ వారాల్లో బిడ్డకు తల్లిపాలకు మించింది లేదు. ఈ మాటలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి తల్లిపాల బ్యాంకు పెట్టింది కూడా తల్లికి పాలు పడని నెల తక్కువ పిల్లలకు ఇంకో తల్లి పాలైనా అందాలనే. పేగు కుళ్లే జబ్బు నుంచి, ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడేది ఆ పాలే. కానీ తల్లిపాలు నిండు నెలల బిడ్డ అవసరానికి తగ్గట్టు తయారైనవి. 100 మిల్లీలీటర్ల పాలలో కాల్షియం 25 నుంచి 30 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 15 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. కిలోన్నర బిడ్డ రోజుకు 270 మిల్లీలీటర్లు తాగిందనుకోండి, అదే ఎక్కువ, దానికి దక్కేది 75 మిల్లీగ్రాముల కాల్షియం. మన దేశంలో చాలా యూనిట్లు పాటించే లెక్క కిలోకి 120 నుంచి 140. అంటే కిలోన్నర బిడ్డకు 180 నుంచి 210 కావాలి. లోటు 100 పైచిలుకు. కడుపులో ఉన్నప్పుడు అందేదానికంటే ఈ లెక్క ఎక్కువగా ఉందేమిటని అడగవచ్చు. నోటి ద్వారా ఇచ్చిన కాల్షియంలో పేగు పీల్చుకునేది సగమో, అంతకు కాస్త ఎక్కువో. మిగతాది విరేచనంలో పోతుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2013లో కిలోకి 150 నుంచి 220 దాకా సూచించడానికి కారణం అదే.

ఈ లోటు పూడ్చకపోతే ఏమవుతుంది? మొదటి నెలంతా బిడ్డ బాగానే కనిపిస్తుంది. పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం 600, 800, 1000 దాటి పెరుగుతూ పోతుంది. ఫాస్ఫరస్ 4 కిందికి దిగుతుంది. ఆరో వారంలోనో ఎనిమిదో వారంలోనో ఊపిరితిత్తుల కోసం తీసిన ఎక్స్‌రేలో పక్కటెముక విరిగి ఉండటం కనిపిస్తుంది. ఎవరూ పడేయలేదు, ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. గుడ్డ మార్చడానికి కాళ్లు పైకెత్తినా విరిగేంత పలచన ఎముకలవి. అందుకని చెబుతున్నా, రాళ్ల భయంతో కాల్షియం మానేయడం పరిష్కారం కాదు.

ఇక కిడ్నీల సంగతి. ఎముకలో కాల్షియం ఒక్కటే ఉండదు, ఫాస్ఫరస్‌తో కలిసి ఉంటుంది. తూకంలో కాల్షియం రెండు పాళ్లైతే ఫాస్ఫరస్ ఒక పాలు. లారీలకొద్దీ ఇటుకలు దించి సిమెంటు పంపకపోతే మేస్త్రీ గోడ లేపలేడు, ఇటుకలు వాకిట్లో అడ్డం పడి ఉంటాయి. ఫాస్ఫరస్ లేకుండా ఇచ్చిన కాల్షియం సంగతి అంతే. ఎముకలోకి చేరే దారి లేక రక్తంలో తిరిగి తిరిగి మూత్రంలో దిగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫాస్ఫరస్ తక్కువైందని గమనించిన శరీరం విటమిన్ డిని మరింత చురుగ్గా తయారుచేసుకుంటుంది. పేగులోంచి ఫాస్ఫరస్ లాగుదామని దాని ప్రయత్నం. దానితోపాటు కాల్షియమూ ఇంకా ఎక్కువ వచ్చి పడుతుంది, ఎముకలోంచి ఉన్నది కూడా కరిగి వస్తుంది. ఎముక ఒకపక్క పలచబడుతుంటే కిడ్నీలో మరోపక్క కాల్షియం పేరుకోవడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కానీ ఒకే బిడ్డలో రెండూ ఒకేసారి చూస్తాం.

అనుభవం ఉన్న డాక్టర్లు మూత్రం పరీక్ష అడిగేది ఇందుకే. మూత్రంలో ఫాస్ఫరస్ సున్నా, కాల్షియం మాత్రం దండిగా ఉందంటే బిడ్డకు ఫాస్ఫరస్ చాలడం లేదని అర్థం. రెండూ కొద్ది కొద్దిగా కనిపిస్తే ఎముకకు సరిపడా అంది, కాస్త మిగిలిందని అర్థం. ఐదు మిల్లీలీటర్ల మూత్రం కూడా అక్కర్లేని పరీక్ష ఇది. చాలాచోట్ల చేయించరు. ఎందుకు చేయించరంటే, నాకు తోచిన జవాబు ఒక్కటే: సిరప్ రాయడం తేలిక.

సెలైన్ సీసాలోనే ఆహారం ఎక్కించే మొదటి రోజుల్లో మరో తిరకాసు ఉంది. బిడ్డకు మాంసకృత్తులు త్వరగా మొదలుపెట్టడం మంచిదని గత పదిహేను ఇరవై ఏళ్లలో తేలింది. ఆ మాంసకృత్తులతో కండ పెరుగుతుంటే కణాలు రక్తంలోని ఫాస్ఫరస్‌ను లోపలికి లాగేసుకుంటాయి. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి కాల్షియం పెరుగుతుంది. అందుకే ఆ తొలి రోజుల్లో ఫాస్ఫరస్ వంతు పెంచాలని యూరప్ వైద్య సంఘాలు 2018 మార్గదర్శకాల్లో రాశాయి. పోనీ ఒకే సీసాలో రెండూ కావలసినంత కలిపేద్దామా అంటే అదీ కుదరదు. కాల్షియం, ఫాస్ఫేట్ ఒక హద్దు దాటి కలిస్తే సీసాలోనే సుద్దలా గడ్డకడతాయి. 1994లో అమెరికాలో ఇలా గడ్డకట్టిన ద్రావణం ఎక్కించడం వల్ల రోగులు చనిపోయారు, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆ ఏడాదే హెచ్చరిక జారీచేసింది. గడ్డకట్టే గుణం తక్కువగా ఉండే గ్లిసరోఫాస్ఫేట్ లాంటి లవణాలు వచ్చాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

ఇప్పుడు అసలు నిందితుల్లో పెద్దదాని దగ్గరికి వద్దాం. ఫ్యూరోసెమైడ్. లాసిక్స్ అంటే మన ఇళ్లలో గుండెజబ్బు పెద్దవాళ్లున్న అందరికీ తెలుస్తుంది. ఒంట్లో నీరు లాగే మందు. చాలాకాలం ఆక్సిజన్ మీద ఉన్న నెల తక్కువ బిడ్డలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. లాసిక్స్ ఇస్తే గంటల్లో ఊపిరి తేలికవుతుంది. మంచి మందే. అయితే ఇది ఉప్పును, నీటిని బయటకు పంపేటప్పుడు కాల్షియాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. పెద్దవాళ్ల రక్తంలో గంటా రెండు గంటల్లో సగానికి తగ్గే ఈ మందు, బాగా ముందు పుట్టిన బిడ్డలో సగానికి తగ్గడానికి 20 గంటలు దాటవచ్చు. పన్నెండు గంటలకోసారి ఇస్తూ పోతే పాత మోతాదు ఉండగానే కొత్తది చేరుతుంది. 1982లో అమెరికాలో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. చాలా రోజులపాటు ఈ మందు పడిన 10 మంది నెల తక్కువ పిల్లల కిడ్నీల్లో కాల్షియం పేరుకోవడాన్ని అందులో వివరించారు. ఈ జబ్బు మీద డాక్టర్ల దృష్టి పడింది అక్కడి నుంచే.

తర్వాత తేలిందేమంటే లాసిక్స్ ఒంటరి దొంగ కాదు. ఆ చిన్న ప్రాణం మీద ఏమేం పనిచేస్తున్నాయో చూడండి. ఊపిరి మరిచిపోకుండా ఇచ్చే కెఫీన్ మూత్రంలో కాల్షియాన్ని పెంచుతుంది. వెంటిలేటర్ తీయడానికి ఇచ్చే డెక్సామెథసోన్ కూడా పెంచుతుంది. సెలైన్ ఆహారంలోని విటమిన్ సి, కొన్ని అమైనో ఆమ్లాలు ఒంట్లో ఆక్సలేట్‌గా మారతాయి. కాల్షియం, ఆక్సలేట్ కలిస్తే స్ఫటికం. ఆ స్ఫటికం కట్టకుండా ఆపే సిట్రేట్ ఈ పిల్లల మూత్రంలో తక్కువ. గుండె దగ్గర మూసుకుపోవాల్సిన నాళం తెరిచి ఉంటేనో, ఊపిరితిత్తులు తడిగా ఉంటేనో నీళ్లు తగ్గించి ఇస్తారు, మూత్రం చిక్కబడుతుంది. ఇన్నింటికీ తోడు కిడ్నీయే ఇంకా పూర్తి కాలేదు. వడపోత చేసే నెఫ్రాన్లు కిడ్నీకి సగటున పది లక్షలు ఉంటే, వాటిలో 60 శాతం ఆఖరి మూడు నెలల్లో తయారయ్యేవే. 36 వారాలకు గానీ ఆ పని ముగియదు. ఎవరి ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయో వాళ్లకే ఇన్ని మందులూ పడతాయి, వాళ్లకే నీళ్లు తగ్గిస్తారు. కిడ్నీల్లో కాల్షియం ఎక్కువగా కనిపించేదీ వాళ్లలోనే.

సిట్రేట్ తక్కువైతే అది బయటనుంచి ఇస్తే పోలేదా అనిపిస్తుంది. నెదర్లాండ్స్ డాక్టర్లు ఇచ్చి చూశారు, 2006లో ఫలితం ప్రకటించారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కిడ్నీల్లో ఇలా కాల్షియం పేరుకోవడాన్ని డాక్టర్లు నెఫ్రోకాల్సినోసిస్ అంటారు. పెద్దవాళ్లకు నడుం పట్టి మెలిపెట్టే రాయి లాంటిది కాదు ఇది. అలాంటి రాయి కిడ్నీ గిన్నెలోనో గొట్టంలోనో ఒకచోట గట్టిగా కడుతుంది. ఇది కిడ్నీ కండలోనే సన్నని నలుసులుగా పరుచుకుంటుంది. అల్ట్రాసౌండ్ తెర మీద పసిబిడ్డ కిడ్నీ చూస్తే, చుట్టూ బూడిదరంగు పట్టీ, లోపల వరసగా నల్లని ముక్కోణపు మచ్చలు ఉంటాయి. అది మామూలు కిడ్నీ. కాల్షియం పేరుకుంటే ఆ నల్లని ముక్కోణాల కొసలు తెల్లబడతాయి, ముదిరితే మొత్తం తెల్లగా మెరుస్తాయి. పుట్టిన మొదటి వారంలో ఒక ప్రోటీన్ వల్ల కూడా ఇలా తాత్కాలికంగా తెల్లగా కనిపిస్తుంది కాబట్టి, అంత ముందుగా చూసి కంగారుపడకూడదు. ఈ స్కానింగ్‌కు రేడియేషన్ ఉండదు, సూది ఉండదు, బిడ్డను ఇంక్యుబేటర్ పెట్టెలోంచి తీయక్కర్లేదు.

ఎంతమందిలో ఉంటుంది? అధ్యయనాలు 7 శాతం నుంచి 64 శాతం దాకా చెప్పాయి. ఇంత తేడా ఎందుకంటే, ఎన్ని వారాల బిడ్డల్ని చూశారు, ఏ వయసులో స్కాన్ తీశారు, ఎలాంటి యంత్రం, చూసినవాళ్లు దేన్ని తెలుపు అన్నారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కాబట్టి ఎక్కడైనా ఒక అంకె చదివి మన బిడ్డకు అన్వయించుకోవద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెద్దల్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకూ దీనికీ కూడా సంబంధం లేదు. 2008లో చైనాలో మెలమైన్ కలిపిన పాలపొడి తాగి దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడి, ఆరుగురు చనిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. అవి మెలమైన్ రాళ్లు. కాల్షియంతో పనిలేనివి.

మంచి కబురు కూడా ఉంది. ఇలా పేరుకున్న కాల్షియం ఎక్కువమంది పిల్లల్లో మొదటి కొన్నేళ్లలో దానంతట అదే కరిగిపోతుంది. లాసిక్స్ ఆపడమో తగ్గించడమో, నీళ్లు సరిపడా ఇవ్వడమో, కాల్షియం, ఫాస్ఫరస్ పాళ్లు సరిచేయడమో చేస్తే చాలు. చాలామందికి లక్షణాలే ఉండవు. కొందరికి మూత్రంలో రక్తం, తరచూ మూత్రం ఇన్ఫెక్షన్లు రావచ్చు. పుట్టిన తొలి రోజుల్లో గుడ్డ మీద ఇటుకరంగు మరక కనిపిస్తే అది రక్తమని హడలిపోతారు. అది సాధారణంగా యూరేట్ స్ఫటికాల రంగు, పాలు బాగా పడితే పోతుంది. మరక పోకుండా ఉంటే మాత్రం చూపించాలి.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మన దగ్గర మెడికల్ షాపులో దొరకనిచోటు లేదు. జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా పొడిచేస్తాడు. కాల్షియం నరం ద్వారా పడుతున్న పసిబిడ్డకు ఇది ఇస్తే, రెండూ రక్తంలో కలిసి గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో ఇరుక్కుంటాయి. ఇలా నవజాత శిశువులు చనిపోయారు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరించింది. పుట్టి 28 రోజులు దాటని, నరం ద్వారా కాల్షియం పడుతున్న లేదా పడాల్సిన బిడ్డకు సెఫ్ట్రియాక్సోన్ కూడదు. వేరే సూదిలో, వేరే వేళలో ఇచ్చినా కూడదు. నెల తక్కువ బిడ్డకైతే కడుపులో గడిపిన వారాలతో కలిపి 41 వారాలు వచ్చేదాకా అసలే కూడదు. బదులుగా సెఫోటాక్సిమ్ ఉంది.

ఇక ఇంటికి వచ్చాక జరిగే పొరపాట్లు. ఓపీలో బిడ్డతో వచ్చిన ఇంటివాళ్ల సంచి తెరిపిస్తే కొన్నిసార్లు మూడు సీసాలు బయటపడతాయి. ఒకటి పెద్దాసుపత్రిలో రాసిన కాల్షియం ఫాస్ఫేట్ సిరప్. రెండోది అది దొరక్క షాపువాడు "రెండూ ఒకటే అమ్మా" అని ఇచ్చినది. లేబుల్ తిప్పి చూస్తే అందులో ఫాస్ఫరస్ ఊసే ఉండదు, కాల్షియం కార్బొనేటో సిట్రేటో ఉంటుంది. మూడోది విటమిన్ డి చుక్కలు.

"ఈ కాల్షియం ఎప్పటినుంచి పోస్తున్నారమ్మా?"

"ఇంటికి పంపినప్పటినుంచీనండి. అయిపోయినప్పుడల్లా కొత్తది కొంటున్నాం."

"ఎప్పటిదాకా పోయమన్నారు?"

"అది చెప్పలేదండి."

ఇక్కడ తప్పు ఆ తల్లిది కాదు. చీటీ మీద ముగింపు తేదీ రాయని వాళ్లది. కాల్షియం, ఫాస్ఫరస్ సాధారణంగా బిడ్డ అసలు పుట్టాల్సిన తేదీ వచ్చేదాకా, అంటే 40 వారాల లెక్క నిండేదాకా ఇస్తారు. ఆపైన ఇవ్వాలా వద్దా అన్నది రక్తపరీక్ష చూసి తేల్చాలి. బిడ్డ బరువు రెట్టింపైనా పాత మోతాదే పోయడం ఒక తప్పు, అవసరం తీరాక ఆపకపోవడం ఇంకో తప్పు. సీసా మారితే బలం కూడా మారుతుంది. ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లకు ఉన్నది ఇంకోదాంట్లో 1 మిల్లీలీటరుకే ఉండవచ్చు. లేబుల్ మీద లవణం బరువు వేరు, అందులోని అసలు కాల్షియం వేరు. ఇంట్లో టీస్పూన్‌తో కొలవొద్దు, మందుతోపాటు ఇచ్చే కొలత మూతతోనో, సూది లేని సిరంజీతోనో కొలవండి. పాలల్లో ఒక్కసారే మొత్తం కలిపేయకుండా రోజులో రెండు మూడు సార్లకు పంచి ఇవ్వమంటారు.

విటమిన్ డి విషయంలో మన అలవాటు మరీ ప్రమాదకరం. పసిబిడ్డకు రోజుకు 400 యూనిట్లు చాలని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. పెద్దవాళ్లు వారానికోసారి వేసుకునే పొట్లంలో 60 వేల యూనిట్లుంటాయి. పసిబిడ్డకు అది 150 రోజుల సరుకు. బిడ్డ పెరగడం లేదనో, కాళ్లు వంకరగా ఉన్నాయనో ఆ పొట్లాన్ని వరసగా పట్టించినవాళ్లు ఉన్నారు. రక్తంలో కాల్షియం పెరిగి బిడ్డ పాలు మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, మలబద్ధకం వస్తుంది, కిడ్నీల్లో సుద్ద పేరుకుంటుంది. ఇది మన ఒక్కరి కథ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పిల్లలకు రికెట్స్ రాకూడదని పాలపొడిలో, పిల్లల ఆహారంలో, చేపనూనెలో అన్నింట్లోనూ విటమిన్ డి కలిపారు. 1950ల మొదట్లో అక్కడ కాల్షియం పెరిగిపోయి మంచం పట్టిన పసిపిల్లలు కనిపించసాగారు. తర్వాత ప్రభుత్వం ఆ మోతాదు తగ్గించింది. అందరూ అదే పాలు తాగితే కొందరికే ఎందుకు వచ్చిందన్నది మాత్రం 2011 దాకా తేలలేదు. విటమిన్ డిని విరిచే ఒక జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్న పిల్లలుంటారని అప్పుడు కనుక్కున్నారు. అలాంటి బిడ్డకు అందరికీ సరిపోయే మోతాదు కూడా ఎక్కువే అవుతుంది. అన్నీ సరిగా ఇస్తున్నా కిడ్నీలో కాల్షియం పెరుగుతూనే ఉంటే డాక్టరు ఈ దిక్కున కూడా చూడాలి.

కొండపిండి ఆకు కషాయం, ఉలవల నీళ్లు మన ఇళ్లలో కిడ్నీ రాళ్లకు పేరున్న మందులు. పెద్దవాళ్ల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. రెండు కిలోల బిడ్డకు చెంచాడు కషాయం కూడా పట్టించకండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, డాక్టరు రాసిన మందులు, అంతే. రాళ్లు కడతాయని బాలింత చేత పాలు, పెరుగు మాన్పించడం కూడా విన్నాను. తల్లి తిన్న కాల్షియానికీ బిడ్డ కిడ్నీలకూ ముడిపెట్టకండి. ఆమెకు కడుపునిండా పెట్టండి.

నెఫ్రాన్లు ఎక్కువగా ఆఖరి మూడు నెలల్లోనే తయారవుతాయని ఇందాక అనుకున్నాం, కాబట్టి ఈ పిల్లలకు అవి మామూలు కంటే తక్కువగా ఉండవచ్చు. కిడ్నీలో తెలుపు పోయినా ఆ కొరత పోదు. అందుకే మొదటి రెండేళ్లలో ఒకటి రెండుసార్లు స్కానింగ్ అడగండి. మూడేళ్లు దాటాక ఏడాదికోసారి బీపీ చూపించండి. పిల్లలకు బీపీ ఏమిటని నవ్వితే నవ్వనివ్వండి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబూప్రోఫెన్ లాంటివి, సొంతంగా కొని వేయకండి. డిశ్చార్జి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచండి. ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువు, లాసిక్స్ ఎన్ని రోజులు పడింది, స్కానింగ్‌లో ఏముంది అన్నవి అందులో ఉంటాయి. లేకపోతే ఇంటికి పంపే రోజునే అడిగి రాయించుకోండి. కాల్షియం సీసా చేతికిచ్చినప్పుడు ఇంకో మాట కూడా అడగండి: "ఇది ఏ తేదీకి ఆపాలి, మళ్లీ పరీక్ష ఎప్పుడు?" తేదీ చీటీ మీద రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.